పదకొండు రోజుల్ని ఎక్కడ పెడదాం?

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. రంజాన్ ఈద్ ఏప్రిల్ 11న వచ్చింది. 2025లో ఉగాది మార్చి 30, ఈద్ మార్చి 31. రెండు పండుగలూ భుజాల మీద చేతులేసుకుని వచ్చాయని అందరం మురిసిపోయాం. ఉగాది పచ్చడినీ షీర్ ఖుర్మానీ కలిపి ఉపన్యాసాలు కూడా విన్నాం. అది కాకతాళీయం కాదన్న సంగతి మాత్రం ఆ ఉపన్యాసాల్లో రాలేదు. ఆ రెండు పండుగలకూ అమావాస్య ఒక్కటే, చంద్రుడొక్కడే. తెలుగు పంచాంగం అమావాస్య దాటగానే నెల మొదలుపెడుతుంది. ఇస్లామీ కేలండర్ అదే అమావాస్య తర్వాత కంటికి కనబడిన నెలవంకతో మొదలుపెడుతుంది. తేడా ఒకటి రెండు రోజులు. ఉత్తరాదిన పున్నమి నుంచి పున్నమికి నెల లెక్కపెడతారు గనుక వాళ్ల నెలకూ మన నెలకూ పక్షం రోజులు తేడా. అంటే నెల మొదలుపెట్టే విషయంలో నల్లగొండ పురోహితుడికి కాశీ పండితుడికన్నా పక్క వీధి పేషిమామే దగ్గరివాడు. ఇది ఎవరికి ఇష్టమున్నా లేకున్నా పంచాంగం తెరిచి చూసుకోవచ్చు.

భాషలో కూడా ఈ చుట్టరికం ఉంది. తెలుగులో నెల అంటే చంద్రుడు, నెల అంటే ముప్పై రోజులు. ఫారసీ నుంచి ఉర్దూకు వచ్చిన మాహ్ కూడా అంతే, చంద్రుడూ అదే, నెలా అదే. రెండు భాషల్లో వార్తలు రాసి బతికేవాడికి ఇలాంటివి దారిలో దొరుకుతుంటాయి. అరుదుగా కనబడే మనిషిని తెలుగులో నల్లపూస అయ్యాడంటాం, ఉర్దూలో ఈద్ కా చాంద్ అయ్యాడంటాం.

ఇప్పుడు అంతకు ముందటి ఏడు చూడండి. 2023లో ఉగాది మార్చి 22. ఆ నెలవంకతో మనకు వచ్చింది ఈద్ కాదు, ఉపవాసాలు. మార్చి 24 తొలి రోజా. ఆ ఏడు చైత్రమూ రంజానూ ఒకే నెల. మరుసటి ఏడు చైత్రమూ షవ్వాలూ ఒకే నెల. మధ్యలో ఏం జరిగింది? 2023 జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా పంచాంగంలో అధిక శ్రావణం వచ్చింది. తెలుగు సంవత్సరం ఒక నెల పాటు నిలబడి సూర్యుడి కోసం ఎదురుచూసింది. మన సంవత్సరం నిలబడలేదు.

"ఏం భాయ్, మీ పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. అందరిలాగా ఒక తేదీకి కట్టుబడి ఉండరాదా మీరు?" పత్రికాఫీసుల్లో ప్రతి రంజాన్‌కూ ఎవరో ఒకరు నన్నడిగే మాట ఇది. నవ్వుతూనే అడుగుతారు. సెలవుల పట్టిక వేసేవాడి కష్టం నాకూ తెలుసు. కానీ "అందరిలాగా" అన్నచోట చెవి నిలబడిపోతుంది. ఉగాది కూడా తేదీకి కట్టుబడదు, పైన రాసిన తేదీలే సాక్ష్యం. క్రైస్తవుల ఈస్టర్ కట్టుబడదు. చంద్రుణ్ణి నమ్ముకున్న పండుగ ఏదీ కట్టుబడదు. అయినా కట్టుబడని నేరం మాత్రం ఒక్కరి ఖాతాలో పడుతుంది. ఎందుకు? లెక్కకు సరిపోనిది ఒకటి మిగిలినప్పుడు దాన్ని ఏం చేయడం న్యాయం? ఆ భారం ఎవరు మోయాలి? ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. దీన్ని నేను సంగీతం దగ్గరికి తీసుకుపోతాను. చంద్రుడి లెక్కలో ఉన్న చిక్కే తీగ లెక్కలోనూ ఉంది, దాన్ని మనుషులు రకరకాలుగా పరిష్కరించారు, ఒక్కో పరిష్కారంలో ఒక్కో సమాజం కనబడుతుంది.

ముందు చంద్రుడి లెక్క. నక్షత్రాలను గుర్తు పెట్టుకుని చూస్తే చంద్రుడు భూమి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 27.32 రోజులు పడుతుంది. కానీ అమావాస్య నుంచి అమావాస్యకు 29.53 రోజులు. చంద్రుడు చుట్టి వచ్చేలోపు భూమి కూడా సూర్యుడి చుట్టూ కొంత జరిగిపోతుంది, ఆ దూరం అందుకోవడానికి చంద్రుడికి ఇంకో రెండు రోజులకు పైగా కావాలి. ఒక ఏడాదిలో చంద్రుడు 13.37 సార్లు తిరుగుతాడు, మనకు 12.37 నెలలే కనబడతాయి. ఒక చుట్టు భూమి ప్రయాణంలో కరిగిపోతుంది. పన్నెండు నెలలు కలిపితే 354 రోజుల చిల్లర. సూర్యుడి ఏడాదికి దాదాపు 10.9 రోజులు తక్కువ. పోనీ ప్రతి నెలా 29.53 రోజులే ఉంటుందా అంటే అదీ లేదు. చంద్రుడి కక్ష్య సున్నాలా గుండ్రంగా లేదు. దగ్గరికి వచ్చినప్పుడు వేగంగా, దూరం పోయినప్పుడు నింపాదిగా నడుస్తాడు. అందుకని నెల 29.27 నుంచి 29.83 రోజుల మధ్య ఊగుతుంటుంది. 29వ రాత్రి మేడలెక్కి పడమటి ఆకాశం వెతకడం వెనక ఈ ఊగులాట ఉంది.

ఇప్పుడు తీగ. షడ్జం సెకనుకు 240 కంపనాలు అనుకోండి. దాని పంచమం ఒకటిన్నర రెట్లు, 360. సా, పా కలిస్తే ఎంత హాయిగా ఉంటుందో తంబురా విన్న ఎవరికైనా తెలుసు. ఆ పంచమాన్ని సా అనుకుని దాని పంచమం, మళ్లీ దాని పంచమం, ఇలా పన్నెండు మెట్లు ఎక్కుతూ, పై స్థాయికి పోయినప్పుడల్లా సగం చేసి కిందికి దించుకుంటూ రండి. పన్నెండు స్వరాలూ దొరుకుతాయి. పన్నెండోసారి బయలుదేరిన సా దగ్గరికే రావాలి. రాము. 240 దగ్గర కాకుండా 243.27 దగ్గర ఆగుతాం. రెండు సాలు కలిపి మోగిస్తే సెకనుకు మూడుసార్లు అలలా కొట్టుకుంటాయి. ఇంకా ఎన్ని మెట్లు ఎక్కినా ఫలితం ఇంతే. పంచమాలు మూడుతో హెచ్చవేయడం, స్థాయిలు రెండుతో హెచ్చవేయడం. మూడును మూడుతో ఎన్నిసార్లు హెచ్చవేసినా బేసి సంఖ్యే వస్తుంది, రెండును రెండుతో హెచ్చవేస్తే సరి సంఖ్యే వస్తుంది. బేసీ సరీ ఎప్పటికీ కలవవు.

ఈ రెండు చిక్కులూ ఒకే ఇంటివని చైనా వాళ్లు చాలా ముందే పట్టుకున్నారు. వాళ్ల హాన్ వంశ చరిత్రలో శ్రుతులకూ కేలండర్‌కూ కలిపి ఒకటే అధ్యాయం. పన్నెండు శ్రుతులు, పన్నెండు నెలలు. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దంలో జింగ్ ఫాంగ్ అనే పండితుడు పన్నెండు దగ్గర ఆగకుండా లెక్క సాగించి, 53 పంచమాలు ఎక్కితే బయలుదేరిన చోటికి చాలా దగ్గరగా వస్తామని కనిపెట్టాడు. దగ్గరగా మాత్రమే. గ్రీకుల మెటన్ పేరుమీద ఇంకో లెక్క ఉంది. 19 సంవత్సరాలకు 235 నెలలు దాదాపు సరిపోతాయి, రెండు గంటలే తేడా. ఆ పందొమ్మిదేళ్లలో పన్నెండు మామూలు సంవత్సరాలు, ఏడు అధికమాసం ఉన్న సంవత్సరాలు. పన్నెండు, ఏడు! సంగీతం తెలిసినవాళ్లకు ఈ అంకెలు చూడగానే ప్రాణం లేచివస్తుంది. పన్నెండు పంచమాలకు ఏడు స్థాయిలు దాదాపు సరి. స్థాయిని 19 సమభాగాలు చేసి వాయించవచ్చని కూడా కొందరన్నారు. 1577లో స్పెయిన్‌లో సలీనాస్ అనే అంధ సంగీతవేత్త రాసిన గ్రంథంలో దానికి దారి కనబడుతుంది. 1932లో జోసెఫ్ యాసర్ మళ్లీ దాని గురించే పుస్తకం రాశాడు.

ఇక్కడే కాలు జారే అవకాశం ఉంది. చంద్రుడే సంగీతం నేర్పాడని, విశ్వమంతా ఒక వీణ అని చెప్పేసి చప్పట్లు కొట్టించుకోవచ్చు. 1978లో స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ కూస్టో ఆ పనే చేశాడు. చంద్రుడి 29.53 రోజుల కాలాన్ని ఒక కంపనం అనుకుని, ఇరవై తొమ్మిదిసార్లు రెట్టింపు చేసి, 210.42 దగ్గర "చంద్ర స్వరం" ఉందన్నాడు. ఆ శ్రుతికి గంటలు, గిన్నెలు, శ్రుతిదండాలు చేసి అమ్ముతున్నారు. మన చెవికి వినబడేదంతా కలిపి పది స్థాయిలు. ఇక్కడ ఎక్కాల్సింది ఇరవై తొమ్మిది. పోనీ ఎక్కాం. చంద్రుడికి నెల ఒకటి కాదు కదా. 27.32 రోజుల నెలను రెట్టింపు చేస్తే 227.43 వస్తుంది. ఏది ఆయన అసలు గొంతు?

ఇంకో తమాషా నేనే చూపిస్తాను. చంద్రుడి రెండు నెలల నిష్పత్తి 13.37కు 12.37. 240ని సా అనుకుంటే అది 259.4 దగ్గర పడుతుంది. హార్మోనియం మీద 254 దగ్గర ఒక మెట్టు, 269 దగ్గర ఒక మెట్టు ఉంటాయి, దీనికి మెట్టు లేదు. వెయ్యేళ్ల కింద ఇబ్న్ సీనా తన స్వరాల లెక్కలో 13కు 12 అనే నిష్పత్తి వాడాడు, అది 260. ఎంత దగ్గర! ఇంకొకటి. హారూన్ రషీద్ దర్బారులో ఊద్ వాయించిన మన్సూర్ జల్‌జల్ పేరుమీద ఒక గాంధారం ఉంది, చిన్నదానికీ పెద్దదానికీ మధ్యన ఉండేది, అరబ్బు సంగీతానికి ప్రాణం. ఫారాబీ దాన్ని 27కు 22 అని లెక్కగట్టాడు. నేటి కొలతలో 354.5 సెంట్లు. చాంద్ర సంవత్సరమో, 354.4 రోజులు! ఎవరైనా కేసెట్ మౌలానాకు ఈ అంకెలు దొరికితే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ సెంటు అనేది స్థాయిని 1200 ముక్కలు చేసిన కొలత. 19వ శతాబ్దంలో ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన సౌకర్యం కోసం పెట్టుకున్నాడు. ఆయన వెయ్యి ముక్కలు చేసి ఉంటే ఈ మహిమ మాయమయ్యేది.

ఈ జాగ్రత్త మనకు పడమటి నుంచి అరువు రాలేదు. పదో శతాబ్దంలో బస్రాలో ఇఖ్వానుస్సఫా వాళ్లు గ్రహాలు తిరుగుతుంటే సంగీతం పుడుతుందని నమ్మకంగా రాశారు. అంతకుముందు కిందీ ఊద్ నాలుగు తీగలనూ రుతువులతో, పంచభూతాల్లో నాలుగింటితో జతచేశాడు. అదే నాగరికతలో ఫారాబీ ఆకాశ సంగీతం అబద్ధమన్నాడు. ఇబ్న్ సీనా తన షిఫా గ్రంథంలో స్వరాల నిష్పత్తుల్ని గ్రహాలకూ మనోగుణాలకూ ముడిపెట్టే పని తనకొద్దని తోసిపుచ్చాడు. ఆరువందల ఏళ్ల తర్వాత, 1619లో, కెప్లర్ అంతటివాడు గ్రహాల వేగాలను సరిగమలుగా రాసి చంద్రుడికి కూడా ఒక చోటిచ్చాడని గుర్తుంచుకుంటే ఆ ఇద్దరి నిగ్రహం విలువ తెలుస్తుంది. సైన్సంతా మా గ్రంథంలోనే ఉందని మనవాళ్లు కొందరు అంటున్నారు. అన్నీ వేదాల్లోనే ఉన్నాయిష అని అవతలివాళ్లూ అంటున్నారు. ఇద్దరూ ఇబ్న్ సీనాకు దూరమే.

కాబట్టి చంద్రుడికీ శ్రుతికీ ఉన్న సంబంధం రక్తసంబంధం కాదు. రెండు చోట్లా రెండు కొలతలున్నాయి, ఒకటి ఇంకోదాన్ని సమంగా భాగించదు. ఒక తేడా కూడా ఉంది. తీగ దగ్గర మిగిలేది గణితం పెట్టిన మిగులు, ఏ లోకంలోనైనా అంతే. చంద్రుడి దగ్గర మిగిలేది చరిత్ర పెట్టిన మిగులు. చంద్రుడు ఏడాదికి దాదాపు 3.8 సెంటీమీటర్ల చొప్పున మన నుంచి దూరమవుతున్నాడు. 1969లో అపోలో మనుషులు అక్కడ వదిలివచ్చిన అద్దాల మీద లేజర్ వెలుగు పడేసి కొలిచారు. పదకొండు రోజులు కూడా శాశ్వతం కాదు. మనుషుల మధ్య సరిపోనితనాలు ఈ రెండో రకానివి. కానీ వాటిని ఎప్పుడూ మొదటి రకానివిగానే చూపిస్తారు, మీరు పుట్టుకతోనే కలవరు అన్నట్టు.

మిగిలినదాన్ని ఏం చేశారో ఇప్పుడు చూద్దాం. ఐరోపా ఆర్గన్ వాద్యాలు శ్రుతి చేసేవాళ్లు చాలాకాలం ఒక పద్ధతి పాటించారు. తరచుగా వాడే పదకొండు పంచమాలను చెవికి ఇంపుగా సర్దుకోవడం, పేరుకున్న తప్పునంతా తీసుకుపోయి ఎవరూ వాడని పన్నెండోదాని మీద పడేయడం. అది మోగితే ఊళపెట్టినట్టుండేది. దానికి తోడేలు అని పేరు పెట్టారు. ఆ పేరు దగ్గర నాకు మనసు ఆగిపోతుంది. ఆ పంచమం చేసిన పాపం ఏమీ లేదు. వలయం మొత్తానికి చెందిన తప్పును అది ఒక్కటే మోస్తున్నది. మిగతా పదకొండు ఇంపుగా ఉన్నాయంటే అది మోస్తున్నది గనుకనే. అయినా తోడేలు అదే.

మన పత్రికల భాషలో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది. అపశ్రుతి. "ఊరేగింపులో అపశ్రుతి", "ఉత్సవంలో అపశ్రుతి". డెస్కు మీద కూర్చుని ఈ శీర్షికలు నేనూ పెట్టాను, అందరూ పెడతారు. కాలు జారి పడితే అపశ్రుతి, షామియానా కూలితే అపశ్రుతి, రాయి పడితే అపశ్రుతి. మొత్తం వాద్యం ఎలా శ్రుతి చేసి ఉందో ఆ మాట అడగనివ్వదు. 1992 డిసెంబరు 6 తర్వాత మనం ఎక్కువగా విన్న మాట ఇంకొకటి, జనజీవన స్రవంతిలో కలవండి. అడవిలోంచి వచ్చి లొంగిపోయిన నక్సలైటుకూ, పాతబస్తీలో టైరు పంక్చర్లు వేసుకునే మనిషికీ ఒకే వాక్యం. జనమూ జీవనమూ ఉన్నచోటనే పుట్టినవాణ్ణి ఎక్కడ కలవమంటారు?

రెండో పద్ధతి పంచాంగానిది. తేడాను కొన్నాళ్లు పోగుచేసి, నెల అయ్యాక లోపలికి తీసుకోవడం. తోడేలు కన్నా ఎంతో మేలు. కానీ లోపలికి వచ్చిన ఆ నెలను ఏం చేశారో చూడండి. దానికి సొంత పేరు లేదు, పక్క నెల పేరుకు ముందు అధిక అని తగిలించారు. మలమాసం అన్నారు. పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. కరువులో అధికమాసం అని సామెత కట్టారు. తర్వాత ఎవరికో మనసొప్పక పురుషోత్తమ మాసమని పెద్ద పేరు పెట్టారు గానీ పెళ్లి మాత్రం పెట్టుకోనివ్వలేదు. పెద్ద పేరు పెట్టి ముహూర్తం ఇవ్వకపోవడం మన దేశంలో ఎవరెవరికి జరిగిందో నేను చెప్పనక్కరలేదు. దళిత సోదరులకు ఇది నాకన్నా బాగా తెలుసు.

మూడోది పియానో పద్ధతి. మిగిలిన తప్పును పన్నెండు సమభాగాలు చేసి ప్రతి పంచమం నుంచీ ఇంత కోయడం. దీన్ని మొట్టమొదట కచ్చితంగా లెక్కగట్టినవాడు చైనా మింగ్ వంశపు రాకుమారుడు జూ జాయ్‌యూ, 1584లో. ఆయన కేలండర్ సంస్కరణ కోసం కూడా పనిచేశాడు, అది కాకతాళీయం కాదనుకుంటాను. ఇది చూడ్డానికి సామ్యవాదం లాగా ఉంటుంది. తోడేలు లేదు, అందరూ తలా కొంచెం మోస్తారు. సగస్వరంలో యాభయ్యో వంతే ఒక్కో పంచమానికి కోత. న్యాయమే కదా? ఇంతవరకే అయితే నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ సర్దుబాటులో అంతర గాంధారం తన స్వచ్ఛమైన చోటు నుంచి దాదాపు పద్నాలుగు సెంట్లు పైకి జరిగిపోయింది. జల్‌జల్ గాంధారానికి మెట్టే లేదు. దర్బారీ కానడలో ఊగే గాంధారానికి మెట్టు లేదు. కోత అందరికీ సమానమే. పన్నెండు మెట్లలో ముందే చోటు దక్కినవాళ్లందరికీ. ఆ పన్నెండును ఎవరు ఎంచారన్నది సమానత్వం చర్చకు రాకముందే తేలిపోయింది. ఉమ్మడి చట్టం గురించి మాట్లాడేటప్పుడు నాకు పియానో గుర్తుకొస్తుంది.

ఇక ఇస్లామీ పద్ధతి, మిగిలినదాన్ని మిగలనివ్వడం. ఇస్లాంకు ముందు అరబ్బులు నసీ అని నెలల్ని తమ అవసరం కొద్దీ జరుపుకునేవాళ్లు, తౌబా సూరాలో దాన్ని నిషేధించారు. నెలలు పన్నెండే. దాని ఫలితం, మన పండుగకు రుతువు లేదు. 33 హిజ్రీ సంవత్సరాలు దాదాపు 32 సౌర సంవత్సరాలకు సమానం. ఒక మనిషి సగం జీవితంలో రంజాన్ ఎండనూ వాననూ చలినీ చుట్టివస్తుంది. రోహిణి కార్తెలో రోజా ఉన్నవాడికీ, మార్గశిరపు పొట్టి పగళ్లలో ఉన్నవాడికీ ఒకే లెక్క. ఏ దేశంవాడికీ శాశ్వతంగా సుఖమైన రంజాన్ రాదు, ఏ దేశంవాడికీ శాశ్వతంగా కష్టమైనదీ రాదు. భారాన్ని ఒకరి మీద పడేయకుండా వంతులవారీగా తిప్పడం ఇది. నాకు నచ్చే సంగతి ఇదే.

నచ్చినంత మాత్రాన దాని ధర దాచను. చంద్రుడి ఏడాదితో సేద్యం నడవదు. పంట చేతికి రాకముందే శిస్తు గడువు వచ్చి కూర్చుంటుంది. అందుకని ముస్లిం పాలకులే ఫసలీ పెట్టారు. ఫసల్ అంటే పంట. అక్బర్ కాలంలో మొదలై, షాజహాన్ కాలంలో దక్కన్‌కు వచ్చింది. సంవత్సరం అంకె హిజ్రీది, నడక సూర్యుడిది. తెలంగాణ పాత పహాణీల్లో "ఫసలీ" అని కనబడేది అదే. నమాజుకు చంద్రుడు, శిస్తుకు సూర్యుడు. శిస్తు దగ్గరికి వచ్చేసరికి పాలకుడికి మతం అడ్డురాలేదు! సర్దుబాటు పాపం కాదని వాళ్లకు తెలుసు. సర్దుబాటు ఎవరు నిర్ణయించారు, ఎవరు మోశారు అన్నదే ప్రశ్న. ఫసలీ విషయంలో నిర్ణయించిందీ రాజే, వసూలు చేసుకుందీ రాజే.

మన ఇంట్లో తోడేలు ఎవరో కూడా చూసుకోవాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల ముస్లింను "వీడికి ఉర్దూ రాదు" అని పక్కకు నెట్టే మనమే, లక్నో ఉర్దూ వాళ్లు మన దక్నీని విని నవ్వినప్పుడు ఉడుక్కుంటాం. మన "నక్కో", మన "హౌ" వాళ్లకు బేసురా. దక్నీ తప్పుగా మోగే ఉర్దూ కాదు, వేరే శ్రుతి, దాని సా వేరు. తెలుగూ మరాఠీ కన్నడమూ ఆనుకుని ఉన్న గొంతులో పుట్టిన శ్రుతి. దూదేకుల ఇంటి తెలుగు కూడా అంతే. నెలవంక చూసే కమిటీల్లో ఆడవాళ్లెందరు అని అడిగితే ఇంకో తోడేలు బయటికొస్తుంది. చంద్రుడైతే వంటింటి కిటికీలోంచి కూడా కనబడతాడు.

శుద్ధత గురించి రెండు మాటలు. పియానో కోతను తిట్టినవాడు శుద్ధ శ్రుతి భక్తుడై ఉండాలని అనుకుంటారు. అలాంటి భక్తి ఎక్కడికి పోతుందో మనకు అనుభవమే. హార్మోనియం పారిస్‌లో పుట్టింది, 1842లో దెబాన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేత్తో గాలికొట్టుకునేలా మార్చాక మన నేల మీద కూర్చుంది. దానికున్నవి పియానో పన్నెండు మెట్లే. భారతీయ శ్రుతులు పలకవన్న కారణంతో 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. కారణం శాస్త్రీయంగా నిజమే. కానీ ఖవ్వాలీ, మన పద్యనాటకం హార్మోనియాన్ని నమ్ముకుని బతికాయి. శుద్ధి ఆగింది కూడా ఒక్క వాద్యం దగ్గర కాదు. 1952 నుంచి పదేళ్లు ఆకాశవాణి మంత్రిగా ఉన్న కేస్కర్ హిందుస్తానీ సంగీతం ముస్లింల చేతుల్లో పడి చెడిందన్న అభిప్రాయం గల మనిషి. శ్రుతిమించి రాగాన పడటం అంటే ఇదే. పాటలో మలినం వెతకడం మొదలుపెట్టినవాడు పాడేవాడి దగ్గరికి రాక మానడు. అదే కాలంలో, 1957లో, బడే గులాం అలీ ఖాన్ పాకిస్తాన్ వదిలి ఈ దేశ పౌరుడయ్యారు. సారంగితో మొదలై, స్వరమండల్ తీగలు మీటుతూ పాడిన ఆ గొంతు 1968లో మన హైదరాబాదులోనే ఆగిపోయింది.

షేక్ చినమౌలానా పేరు కూడా చెప్పాలి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, దేవాలయాల్లో నాదస్వరం వాయించిన విద్వాంసుడు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరును మన మీదికి విసిరేవాళ్లున్నారు, "అలా ఉండండి" అని. బాగా సర్దుబాటు చేసిన పియానో లాగా అని వాళ్ల భావం. ఆయన చేతిలో ఉన్న వాద్యాన్ని వాళ్లు చూడలేదు. నాదస్వరానికి వేళ్లు పెట్టే రంధ్రాలు ఏడే. మిగతా స్వరాలకు వేరే రంధ్రాలు లేవు. వేలు సగం తెరిచి, పెదవి బిగించి వదిలి, ఊపిరి ఒత్తిడి మార్చి తెచ్చుకోవాలి. మెట్టు లేనిచోటల్లా ఊపిరే మెట్టు. అందులో సర్దుకుపోవడం ఏమీ లేదు, చచ్చేంత సాధన ఉంది.

హార్మోనియం కూడా ఇప్పటికీ అక్కడే ఉంది, దర్గాలో, ఖవ్వాల్ ముందు. ఆయన గొంతు రెండు మెట్ల మధ్యకు జారినప్పుడు వేళ్లు ఒక మెట్టు మీద ఆగుతాయి, చప్పట్లు సాగుతుంటాయి. కొందరు గాయకులు తమ సాకు తగినట్టు పెట్టెను మార్పించుకుంటారు. మరమ్మతు చేసేవాడు పెట్టె విప్పి, ఇత్తడి రీడు కొసను ఆకురాయితో కాస్త గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. గాంధారం చెవికి హాయి అనిపించేదాకా గీకి, విని, మళ్లీ గీకుతాడు. ఆ పెట్టె ఆ ఒక్క సాకు బంగారంలా పలుకుతుంది. రేపు ఇంకో గాయకుడు వచ్చి సా మారిస్తే ఎక్కడో ఒక మెట్టు ఊళపెడుతుంది. అప్పుడు మళ్లీ పెట్టె విప్పాల్సిందే.